అట్ట మీది వీపు

"నీ వీపు అద్భుతంగా వచ్చింది," అన్నాడు భర్త.

ఆమె అప్పుడు ఫ్రిజ్ అరలు బయటికి తీసి సింకులో కడుగుతోంది. పదకొండేళ్ళ కాపురంలో తన వంట గురించి, తన కోపం గురించి, ఆఖరికి తను చీపురు పట్టుకునే పద్ధతి గురించి కూడా ఈ ఇంట్లో మాటలు విన్నది గానీ, వీపు గురించి వినడం అదే మొదలు. సబ్బు చేతులతోనే వెనక్కి తిరిగింది. అతను ఫోను ఆమె కళ్ళ ముందు పెట్టాడు.

నలుపు తెలుపు ఫోటో. సరిగ్గా నలుపలకలుగా కత్తిరించి ఉంది. సింకు ముందు కాస్త వంగి నిలబడ్డ ఆడమనిషి. కిటికీలోంచి వెలుతురు ఆమె మెడ మీద పడి, భుజం దాకా జారి అక్కడ ఆగిపోయింది. హడావిడిగా చుట్టుకున్న ముడి. భుజం దగ్గర నైటీ చిరుగుకి ఒక పిన్నీసు.

"ఇది నేనా?"

"మరి పక్కింటావిడా? ఎప్పుడో తీశాన్లే, పోయినేడాది. మొన్న పాత ఫోటోలు తిరగేస్తుంటే దొరికింది. మా గిటారువాడికి చూపిస్తే ఎగిరి గంతేశాడు. ఇదే మన అట్ట."

అట్ట అంటే వాళ్ళ పాటల ఆల్బమ్‌కి. అతను, గిటారు వాయించే అతని స్నేహితుడు కలిసి రెండేళ్ళుగా ఆ ఆల్బమ్ మీదే పడి ఉన్నారు. పేరు 'ఇంటి చప్పుళ్ళు'. గిన్నెల మోత, కుళాయి ధార, బట్టలు దులిపే చప్పుడు, తలుపు గడియ, చీపురు గీత, ఇలా ఇంట్లో పుట్టే చప్పుళ్ళన్నీ రికార్డు చేసి, వాటి మీద బాణీలు కట్టారు. ఆ చప్పుళ్ళలో తొంభై పాళ్ళు ఆమె చేసినవే. వంటింట్లో మైకు పెట్టి, "ఇంకోసారి దులుపు, ఈసారి నెమ్మదిగా," అని అతను అంటే ఆరిన దుప్పటిని ఏడుసార్లు దులిపిన రోజులున్నాయి. పెద్ద నల్ల రికార్డులు మళ్ళీ ఇప్పుడు మోజు కాబట్టి ఆల్బమ్‌ని రికార్డుగానే తెస్తున్నారు. పుస్తకంలా తెరుచుకునే అట్ట, లోపల పాటల మాటలు, వెనక పేర్లు, పక్కన సన్నటి వెన్ను. దాంతోపాటు సంగీత పత్రికలో ఒక పూర్తి పేజీ ప్రకటన.

"మొహం లేదుగా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు ఆమె ఇంకా ఏమీ అనకముందే. "డిజైన్ నువ్వే చేస్తావు. ఇంట్లో మనిషివి ఉండగా బయటివాళ్ళకి ఇవ్వడం ఎందుకు? శుక్రవారానికి యాడ్ పత్రికవాళ్ళకి వెళ్ళాలి. అట్ట కూడా అప్పటికే ప్రెస్సుకి."

"ఇవాళ సోమవారం."

"నీకెంతసేపు!"

పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక అయిదేళ్ళూ ఆమె ఒక డిజైన్ కంపెనీలో పనిచేసింది. పుస్తకాల అట్టలు వేసేది. అత్తగారు మెట్ల మీద జారిపడి మోకాలు విరగ్గొట్టుకుని వీళ్ళింటికి వచ్చేశాక, మూడు నెలలు సెలవు పెట్టింది. ఆ మూడు నెలలు ఇంకా అవలేదు. ఇప్పుడు డైనింగ్ టేబులే ఆమె ఆఫీసు. ఆస్పత్రుల కరపత్రాలు, కొట్ల బోర్డులు, ఎవరివో విజిటింగ్ కార్డులు చేసిపెడుతుంది. టిఫిన్ వేళకి లాప్‌టాప్ ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టాలి, మళ్ళీ దించాలి, భోజనాల వేళకి మళ్ళీ ఎక్కించాలి. రోజుకి మూడుసార్లు ఎక్కి దిగే ఆఫీసు. "ఆ డబ్బా మూసేసి స్టవ్ మీద పాలు చూడు," అంటుంది అత్తగారు. లాప్‌టాప్‌ని ఆవిడ ఎప్పుడూ డబ్బా అనే అంటుంది. పాలు చూడటం ఆమెకి తెలుసు గానీ పాలు పొంగే సమయానికే ఒక గీత సరిగ్గా కుదరడం ఎందుకో ఆమెకి అర్థం కాదు.

ఆ సాయంత్రం పెన్‌డ్రైవులో ఫోటో ఇచ్చాడు. ఆమె దాన్ని తెర నిండా పరిచి చాలాసేపు చూసింది. ముందు సిగ్గనిపించింది, తర్వాత చిరాకనిపించింది. అడక్కుండా తీయడమేమిటి, నలుగురి ముందు పెట్టడమేమిటి అనుకుంది. కానీ ఆ రెండిటి కిందనుంచీ ఇంకోటి మెల్లగా పైకొచ్చింది. అది తలుచుకుంటే తనకే నవ్వొచ్చింది. ఇతను నన్ను చూశాడన్నమాట. నేను గిన్నెలు తోముకుంటుంటే వెనక నిలబడి ఆ వెలుతురునీ, ఈ మెడనీ చూసి, బాగుందనుకుని, వెళ్ళి కెమెరా తెచ్చుకున్నాడన్నమాట. ఏళ్ళ తరబడి ఈ ఇంట్లో అతను ఆమె వైపు చూసేది ఉప్పు కావాలన్నప్పుడో, చొక్కా గుండీ ఊడినప్పుడో. అలాంటిది, ఎప్పుడో ఒక రోజు ఊరికే చూశాడు. అది చాలదా అనుకుంది. చాలకపోతే మాత్రం ఏంచేస్తావు అని తనే అనుకుంది. ఆ రెండు రోజులూ ఆమె పనిచేస్తూ అప్పుడప్పుడూ మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముకునేది, అక్కడేదో విలువైనది పెట్టి మర్చిపోయినట్టు.

మంగళవారం గిటారతను వచ్చాడు. మంచివాడే. వచ్చినప్పుడల్లా "వదినా, మీ చేతి కాఫీ..." అంటూ వంటింటి గుమ్మం దాకా వస్తాడు, తాగిన కప్పు మాత్రం సోఫా కింద వదిలిపోతాడు. తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"వదినా, అదిరింది. చిన్న చిన్న మార్పులు అంతే. ఆ పిన్నీసు తీసేయండి, మరీ బీదగా ఉంది."

"తీసేస్తాను."

"మెడ మీద ఆ కాలిన మచ్చ కూడా. వీపు... ఏమనుకోకండి, కొంచెం సన్నం చెయ్యచ్చా? అంటే, ఇప్పుడు మరీ ఇంట్లో మనిషిలా ఉంది."

"ఇంట్లో మనిషే కదా బాబూ," అంది ఆమె.

అతను పెద్దగా నవ్వాడు. భర్త కూడా నవ్వాడు. నవ్వి, "ఒక రెండంగుళాలు తగ్గించు," అన్నాడు.

తగ్గించింది. తన వీపుని తనే మౌసుతో పట్టుకుని లోపలికి నెట్టింది. కాలిన మచ్చ మీద పక్కనున్న చర్మం తెచ్చి కప్పింది. పిన్నీసు చెరిపి చిరుగుని కుట్టేసింది. చిత్రమేమిటంటే, ఆ చిరుగుని నిజంగా కుట్టుకోవడానికి ఆమెకి ఏడాదిలో పావుగంట దొరకలేదు. తెర మీద కుట్టడానికి గంటన్నర పట్టింది.

అక్షరాలు మాత్రం చేత్తో రాసింది. అవి ఆమెకి అక్క నేర్పిన విద్య. అక్క బళ్ళో డ్రాయింగ్ టీచరు. అమ్మానాన్నలు లేని ఇంట్లో ఈమెని పెంచింది, చదివించింది, కుంచె పట్టించింది అక్కే. "అక్షరాన్ని ఇరికించకే చిట్టెలుకా, దాని పక్కన గాలి ఆడనివ్వు," అనేది. పెన్సిలు కొరుకుతూ మూల కూర్చునేది కాబట్టి ఈమె చిట్టెలుక. పద్నాలుగు నెలల క్రితం అక్క పోయింది. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. 'ఇంటి చప్పుళ్ళు' అని నల్ల సిరాతో ఇరవైసార్లు రాసి, పందొమ్మిది పక్కన పారేసి, ఒక్కటి ఉంచింది. వీపు పక్కనున్న ఖాళీలో ఆ మాటని నిలబెట్టి చూసుకుంటే, బాగుంది. ఎవరు చూసినా ఇది పని తెలిసినవాళ్ళు చేశారంటారు. ఆమె కళ్ళు చెమర్చాయి. ఎన్నాళ్ళకి నిజమైన పని చేసింది!

వెనకవైపు పేర్లన్నీ పేర్చాక, "డిజైన్ అని నా పేరు ఎక్కడ వెయ్యమంటారు?" అని అడిగింది.

భర్త ఫోనులోంచి తల ఎత్తలేదు. "మనలో మనకి పేర్లేంటి? ఇంట్లోవాళ్ళకి కృతజ్ఞతలు అని ఉందిగా, అందులో అమ్మా నువ్వూ అందరూ వచ్చేస్తారు."

బుధవారం పొద్దున, రాత్రి ఆమె పంపిన అట్ట చూసి ప్రెస్సాయన ఫోన్ చేశాడు. ముప్ఫై ఏళ్ళుగా అట్టలు అచ్చేస్తున్న పెద్దాయన, ఆమె కంపెనీలో ఉన్నప్పటినుంచీ ఎరిగున్నవాడు.

"అమ్మా, పని ఎప్పట్లాగే కడిగిన ముత్యంలా ఉంది. ఒక్కటే ఇబ్బంది. ఎడమవైపు బొమ్మ సరిగ్గా అంచు దగ్గర ఆగిపోయింది. కోతకి మూడు మిల్లీమీటర్లు ఎక్కువుండాలి కదా. మీకు నేను చెప్పాలా! కత్తి వెంట్రుకవాసి జరిగితే తెల్ల గీత పడుతుంది."

"నాకిచ్చిందే అంతవరకు కోసిచ్చారండీ. అసలు ఫోటో తీసి పంపిస్తాను."

భర్త రికార్డింగ్‌కి వెళ్ళాడు. ఫోన్ చేసింది.

"ఆ పక్కన ఏదో ఒకటి అతికించెయ్. నీకొచ్చుగా," అన్నాడు.

"అతికిస్తే తెలిసిపోతుందండీ. అసలుది ఎక్కడుంది?"

"ఎక్కడుందో నాకేం తెలుసు? ఉన్నదాంతో కానిచ్చెయ్," అని పెట్టేశాడు. అతని గొంతులో ఏదో తొందర ఉంది. పనిలో ఉన్నాడేమో అనుకుంది.

ఆమెకి అతికించడం ఇష్టం లేదు. మూడు మిల్లీమీటర్లైనా సరే, దొంగ గోడ దొంగ గోడే. ఇంట్లో ఫోటోలన్నీ దాచే డిస్కు బీరువాలో ఉంటుంది. తెచ్చి తగిలించింది. పోయినేడాది ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటే తెరిచింది. ఏవో కచేరీలు, ఎవరిదో పెళ్ళి, అత్తగారి మోకాలి ఎక్స్‌రేలు. తర్వాత పేరు లేని ఒక ఫోల్డరు. అందులో ముప్ఫై ఒక్క ఫోటోలున్నాయి. అన్నిట్లోనూ ఆమె వీపే.

రంగుల్లో ఉన్నాయి. మొదటిదే తెరిచింది. ఎడమవైపు మూడు మిల్లీమీటర్లేమిటి, జానెడు బొమ్మ ఉంది. ఆ జానెడులో, వంటింటి గుమ్మం పక్కన నేల మీద, జిప్పు సగం వేసిన ప్రయాణం బ్యాగు ఉంది. ఆ బ్యాగు మీద ఆమె ఆకుపచ్చ శాలువా మడతపెట్టి ఉంది.

ఆమె మౌసు మీద చెయ్యి అలాగే ఉంచి, కదలకుండా కూర్చుంది.

ఆ బ్యాగు సర్దింది ఒక్కసారే. ఆ శాలువా తీసుకెళ్ళింది ఒక్కసారే. బావగారు ఫోన్ చేసి, "మీ అక్క లేవట్లేదమ్మా," అన్న రోజు.

ఆ పొద్దున ఆమె ఏడవలేదు. ఎవరి ముందూ ఏడవలేదు. బస్సయితే ఆరు గంటల దారి, కారయితే నాలుగు. "మావాడి కారు తెస్తా, పదింబావుకల్లా బయల్దేరదాం, ఈలోపు నువ్వు రెడీగా ఉండు," అన్నాడు భర్త. గిటారతని ఇల్లు రెండు వీధుల అవతలే. ఆమె బ్యాగు సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. "ప్రయాణం ఎలాగూ తప్పదు, కానీ ఆ గిన్నెలు అలా పడేసి పోతే నా మోకాళ్ళతో నేనేం తోమను?" అంది అత్తగారు టీవీ ముందు నుంచి. సరే, కారొచ్చేలోపు తోమేద్దామని సింకు దగ్గరికెళ్ళింది. వీధి తలుపు చప్పుడైంది. అతను వెళ్ళాడనుకుంది. అప్పుడు కుళాయి పూర్తిగా తిప్పి, నీళ్ళ చప్పుడు కింద దాక్కుని ఏడ్చింది. సింకు అంచు పట్టుకుని, నోరు తెరుచుకుని, శబ్దం లేకుండా ఏడ్చింది. అక్కా అక్కా అనుకుంటూ, పాతికేళ్ళ వెనక్కి వెళ్ళిపోయి, జడ వేయించుకునే పిల్లలా ఏడ్చింది.

ఫోటో కింద టైము ఉంది. తొమ్మిదీ నలభై నాలుగు.

ఆఖరి ఫోటో తెరిచింది. పదీ మూడు.

పందొమ్మిది నిమిషాలు. ముప్ఫై ఒక్క ఫోటోలు. వరసగా చూస్తే తెలుస్తోంది, ఆమె భుజాలు పైకి లేవడం, కిందికి దిగడం. పదకొండో దాంట్లో నుదురు కుళాయికి ఆనించి ఉంది. ఇరవయ్యో దాంట్లో ఒక కాలు మడిచి, పడిపోబోయి ఆపుకున్నట్టుంది. మధ్యలో అతను రెండడుగులు ఎడమకి జరిగాడు, బ్యాగు అడ్డం రాకుండా. ఇరవై ఆరో దాంట్లో, నలుపు తెలుపు చేసి అట్టకి ఇచ్చిన దాంట్లో, వెలుతురు సరిగ్గా మెడ మీదికి వచ్చింది. దాని కోసం ఆగాడు. రెండేళ్ళుగా ఇంట్లో ప్రతి చప్పుడినీ పట్టుకున్న మనిషి, కెమెరా చప్పుడు ఆపేసి మరీ నిలబడ్డాడు.

ఆ రోజు అతను పదీ ఇరవైకి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. "అయిదు నిమిషాల్లో తప్పిపోయాడు. అప్పుడే కారేసుకుని రికార్డింగ్‌కి వెళ్ళిపోయాడట," అన్నాడు. ఎంత బాధగా అన్నాడంటే, ఆమే అతని చెయ్యి పట్టుకుని, "మీ తప్పేముంది, ఊరుకోండి," అంది. మధ్యాహ్నం బస్సులో వెళ్ళారు. వాళ్ళు చేరేసరికి అంతా అయిపోయింది. "అరగంట ఆగాం తల్లీ, ఇంక మా చేతుల్లో లేకపోయింది," అన్నాడు బావగారు. అక్క మొహం ఆమె చూడలేదు.

ఈ పద్నాలుగు నెలలూ ఆమెని నిలబెట్టింది ఒకే ఒక్క ఊహ. ఆ పూట తను ఏడ్చినట్టు ఎవరికీ తెలీదు, తెలిసుంటే అతను వచ్చేవాడు, వచ్చి భుజం మీద చెయ్యి వేసేవాడు అన్న ఊహ. అతను మాట తెలియని మనిషే గానీ మనసు లేని మనిషి కాదని తనకి తను ఎన్నిసార్లు చెప్పుకుందో! పాపం చూడలేదు, చూస్తే అలా వదిలేస్తాడా? ఈ ఒక్క మాట మీద ఇల్లంతా నిలబడి ఉంది. ఇప్పుడు తెలిసింది, అతను చూశాడు. ఈ పదకొండేళ్ళలో తనని అంత శ్రద్ధగా, అంత ఓపిగ్గా, అంతసేపు చూసింది ఆ రోజే.

అత్తగారు పిలిచింది, పాలు పొంగిపోయాయని. వెళ్ళి స్టవ్ తుడిచింది.

సాయంత్రం అతను కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక, లాప్‌టాప్ తీసుకెళ్ళి ముందు పెట్టింది.

"ఇది అక్క పోయిన రోజు."

అతను తెర వైపు చూశాడు. బ్యాగు వైపు చూశాడు. "నిన్ను వెతకమన్నదెవరు?" అన్నాడు.

"మీరు అప్పటికే కారు కోసం వెళ్ళారనుకున్నాను."

"వెళ్ళాను. పర్సు మర్చిపోయి వెనక్కొచ్చాను. నువ్వు కనిపించావు. అలా... ఆ వెలుతురులో." చేతులతో గాల్లో ఏదో గీసి చూపించబోయి ఆపేశాడు. "చూడు, నేను దొంగతనం చెయ్యలేదు. ఆ క్షణంలో ఒక నిజం ఉంది. అది ఊరికే పోకూడదనిపించింది. ఈ ఆల్బమ్ పుట్టిందే అక్కడ, తెలుసా? అప్పటిదాకా ఒట్టి చప్పుళ్ళు. ఆ రోజుతో ప్రాణమొచ్చింది. ఒక రకంగా ఇదంతా నీకోసమే."

"పందొమ్మిది నిమిషాలు."

"గడియారం పెట్టుకుని కూర్చున్నానా నేను?"

"అయిదు నిమిషాల్లో కారు తప్పిపోయిందన్నారు."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఏడుస్తున్న మనిషి దగ్గరికి మధ్యలో వస్తే బాగుండదని ఆగాను. ఇప్పుడు దాన్ని పట్టుకుని నన్ను హంతకుణ్ణి చేస్తావా? శుక్రవారం యాడ్ వెళ్ళాలి, ఇప్పుడా ఇవన్నీ?"

టీవీ గొంతు తగ్గించి అత్తగారు ఇటు తిరిగింది. "పోయినావిడ ఎలాగూ పోయింది. మీరు నాలుగు గంటలు ముందెళ్తే లేచి కూర్చుంటుందా ఏంటి? వాడేదో ముచ్చటపడి ఫోటో తీస్తే అదీ తప్పే! మా రోజుల్లో మా వైపు కన్నెత్తి చూసినవాళ్ళే లేరు."

ఆవిడ చివరి మాట తిట్టులా మొదలై, మధ్యలో ఎక్కడో తడబడి, ఇంకేదోలా ముగిసింది. టీవీ వైపు తిరిగిపోయింది.

గురువారం పొద్దునే అసలు ఫోటోతో అట్ట అంచు సరిచేసి ప్రెస్సుకి పంపేసి, మిగతా రోజంతా ఆమె ప్రకటన మీద కూర్చుంది. అంతకుముందు వేసిన డిజైన్ పక్కన పడేసింది. పేజీని చిన్న చిన్న గళ్ళు చేసి, ముప్ఫై ఒక్క ఫోటోలూ వరసగా పేర్చింది, తీసినవి తీసినట్టు, రంగుల్లో, బ్యాగుతో, పిన్నీసుతో, కాలిన మచ్చతో, సన్నం చెయ్యని వీపుతో. ఒక్కోదాని కింద ఒక్కో టైము. 9:44. 9:45. 9:45. 9:46. చివరిది 10:03. వాటి కింద ఆల్బమ్ పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో 'ఫోటోలు' అని భర్త పేరు. ఇంకే మాటా లేదు. తిట్టదలుచుకుంటే ఇంతకంటే పెద్ద తిట్టు ఆమెకి తెలీదు. చూసినవాడెవడైనా సరే, ఇది చూసి ఒక్క ప్రశ్న అడక్కుండా ఉండలేడనుకుంది. ఏడుస్తున్న మనిషి వెనక ఇంతసేపు నిలబడ్డదెవరు? అది అతని కళ్ళతో అతనే చదువుకోవాలి. చదువుకుని, ఇది వేయొద్దు అనాలి. ఆ ఒక్క మాట అంటే చాలు, చెరిపేద్దామనుకుంది.

గిటారతను చూసి కుర్చీలోంచి లేచిపోయాడు. "వదినా! ఇదేంటి వదినా! ఇది కదా యాడ్ అంటే! అవార్డు వస్తుంది దీనికి. ఆ బ్యాగు భలే కలిసొచ్చింది చూడండి. ఇల్లు వదిలి వెళ్దామా వద్దా అని ఆగిపోయిన ఆడమనిషి! ఒక్క ముక్క రాయకుండా ఎంత కథ చెప్పారండీ!"

భర్త తెర మీదికి వంగి, మొదటి గడి నుంచి చివరి గడి దాకా, టైములన్నీ ఒక్కొక్కటే చదివాడు. పదీ మూడు దగ్గర అతని చూపు ఆగింది. అతనికి అర్థమైంది. అర్థమైందని ఆమెకి తెలిసింది. ఆమె అతని పక్కనే నిలబడింది.

"బాగుంది," అన్నాడు. "టైములు ఇంకొంచెం పెద్దవి చెయ్. పత్రికలో అచ్చయ్యాక సరిగ్గా కనబడవు."

పెద్దవి చేసింది. శుక్రవారం పంపించింది.

నెల తిరక్కుండానే రికార్డు బయటికొచ్చింది. ఒక చిన్న హాల్లో సాయంత్రం విడుదల సభ. వేదిక వెనక గోడంతా ఆమె వీపే. పాటలు వినిపించారు, చప్పట్లు కొట్టారు. ఎవరో లేచి, "ఆ అట్ట మీదావిడ ఎవరండీ?" అని అడిగారు. భర్త మైకు తీసుకుని, ఒక్క క్షణం ఆగి, "మీ ఇంట్లోనూ ఉంటుంది, వెళ్ళి చూడండి," అన్నాడు. హాలు మారుమోగిపోయింది. ముందు వరసలో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

సభ అయ్యాక సంతకాల కోసం వరస కట్టారు. ఆమెని పక్కనున్న బల్ల దగ్గర నిలబెట్టారు, రికార్డులు అందివ్వడానికి. చేతిసంచిలో నాలుగు తెల్ల మార్కర్లు తెచ్చింది. ఫోటోలో ముదురు నీడల మీద మామూలు పెన్ను కనబడదని తనకి తెలుసు కాబట్టి.

వరసలో ఒక నడివయసావిడ ఉంది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, భుజాన టిఫిన్ డబ్బా సంచి. చేతిలో పత్రికలోంచి చింపిన ప్రకటన కాగితం మడత పెట్టి ఉంది. రికార్డు అందుకుని, అట్టనీ ఆ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తూ, "పాపం, ఎవరోగానీ," అంది ఆమెతో. "గిన్నెలు తోమడం కాదండీ అది. ఏడుస్తోంది. ఇన్ని ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా వెనక్కి తిరగలేదు చూశారా? దగ్గర్లో ఎవరూ లేరనుకుని ఏడుస్తోంది."

"ఉన్నాడండీ," అంది ఆమె. "ఫోటో తీసినాయన."

ఆవిడ తలెత్తింది. ఆమె మొహంలోకి చూసింది, తర్వాత వేదిక పక్కన నవ్వుతూ సంతకాలు పెడుతున్న మనిషి వైపు, మళ్ళీ ఆమె వైపు చూసింది. రికార్డుని బల్ల మీద బోర్లించి పెట్టి, వరసలోంచి తప్పుకుని, టిఫిన్ డబ్బా సంచి సర్దుకుంటూ తలుపు వైపు వెళ్ళిపోయింది. ఆవిడ ఖాళీ చేసిన చోట్లోకి వెనకవాళ్ళు ఒక అడుగు జరిగారు.

భర్త చేతిలో మార్కరు ఆరిపోయింది. రెండుసార్లు విదిలించాడు. అట్ట మీద, సరిగ్గా వీపు మధ్యలో, సగం పడిన సంతకం ఆగిపోయి ఉంది. ఎదురుగా ఒక కుర్రజంట నిలబడి ఎదురుచూస్తున్నారు.

"ఇంకో మార్కరుందా?" అని అడిగాడు ఆమె వైపు చూడకుండానే, చెయ్యి చాపి.

ఆమె చేతిసంచి భుజానే ఉంది. మూడు మార్కర్లు వేళ్ళకి తగులుతూనే ఉన్నాయి.

"లేదు," అంది.

పదకొండేళ్ళలో అతను అడిగినదానికి ఆమె లేదనడం అదే మొదలు. అతను ఇప్పుడైనా తల తిప్పి చూస్తాడనుకుంది.

"ఇదిగో, నా దగ్గరుంది," అంటూ గిటారతను జేబులోంచి ఇంకోటి తీసి అందించాడు. సంతకం పూర్తయింది. వరస కదిలింది.